మైకేలు ఫారడే జీవితము – మన యింటి మెయిను పెట్టె

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములందును, వాని చుట్టుప్రక్కల గ్రామములందును నేడు విద్యుద్దీపము లేని యిల్లు అరుదు. ప్రతి యింటి గోడకును ఒక మెయిను పెట్టె యుండును. వానలు పట్టిన దినములలో గాని, వేసవి రాత్రులలో ఇంటిల్లిపాదియు ఏ.సి.లు వేసికొనినప్పుడు గాని, ఆ పెట్టెలోని మీట టక్కున క్రిందికి పడును. ఇల్లంతయు చీకటియగును. పైకెత్తుదుము, మరల పడును. అప్పుడు చాలమంది ఆ మీటయే చెడిపోయినదని విసుగుకొందురు. కొందరు దానిని తీయించి అంతకంటె పెద్దదానిని పెట్టింతురు. మఱికొందరు ఫ్యూజులో సన్నతీగకు బదులు లావుపాటి తీగను చుట్టుదురు. ఇట్లు చేయుట యెంత అపాయమో, ఆ మీట పడుటలో నెంత మేలున్నదో గ్రహింపవలెనన్న, ఆ పెట్టెలోని శాస్త్రమునకు పునాది వేసిన మహనీయుని చరిత్రము తెలిసికొనుట మంచి మార్గము. ఆయన పేరు మైకేలు ఫారడే. మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మిషను సేవకులకును ఆయన జీవితమును క్లుప్తముగా చెప్పదలచితిమి.

బాల్యము

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, లండను నగరమునకు దక్షిణమున నున్న న్యూయింగ్టను బట్సు అనుచోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. తల్లి పేరు మార్గరెట్టు. నలుగురు బిడ్డలలో మైకేలు మూడవవాడు. తండ్రికి ఆరోగ్యము సరిగా లేనందున కొలిమిపని తిన్నగా సాగలేదు. 1801లో ధాన్యపు ధరలు మిక్కిలి పెరిగినప్పుడు, ఆ బాలునికి వారమునకొక్క రొట్టె యిచ్చి, దానితోనే ఏడు దినములు గడుపుకొమ్మనవలసి వచ్చెనని చెప్పుదురు. చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు – బడిలో అతనికి లభించిన విద్య యింతే.

ఆ కుటుంబము శాండిమేనియను అను చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినది. ధనమును కూడబెట్టరాదనియు, సంఘస్థులు ఒకరినొకరు ఆదుకొనవలెననియు, పరిశుద్ధ గ్రంథమునకు సరళహృదయముతో లోబడవలెననియు ఆ సంఘపు నియమము. ఇంటిలో రొట్టె తక్కువైనను ప్రార్థన తక్కువకాలేదు. ఈ విశ్వాసమే ఫారడేను తుదివరకు నడిపించినది.

పుస్తకముల దుకాణము

1804లో మైకేలు జార్జి రీబో అను పుస్తకవర్తకునియొద్ద పనికి కుదిరి, వార్తాపత్రికలను ఇంటింటికి మోసెను. మరుసటి యేట ఆ వర్తకుడే అతనిని ఏడేండ్ల యొడంబడికపై పుస్తకములు కుట్టి అట్టలు కట్టు పనిలో శిష్యునిగా చేర్చుకొనెను. పగలు కుట్టిన పుస్తకమును పని ముగిసిన తరువాత చదువుట ఆ బాలునికి అలవాటయ్యెను. బ్రిటానికా విజ్ఞానసర్వస్వములోని విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేను మార్సెటు అను విదుషీమణి రసాయనశాస్త్రముపై సంభాషణరూపమున రచించిన గ్రంథమును అతని మనస్సునకు గట్టిగా హత్తుకొనినవి. చదివినంత మాత్రమున నమ్మక, తన స్వల్పమైన పైకముతో సామగ్రి కొని, ప్రయోగము చేసి చూచిన పిమ్మటనే నమ్ముట అతని స్వభావము. సీసాలతోను చెక్కతోను ఒక చిన్న విద్యుద్యంత్రమును తానే చేసికొనెను.

ఆ దినములలో టేటము అను నాయన తన యింట శాస్త్రోపన్యాసము లిచ్చుచుండెను. ఒక్కొక్క ఉపన్యాసమునకు ఒక షిల్లింగు రుసుము. మైకేలునకు అంత శక్తి లేదు. కమ్మరిపని చేయుచుండిన అన్న రాబర్టు ఆ రుసుము చెల్లించి తమ్ముని పంపెను. ఇంటిలో నొకడు చదువుకొనుటకు మఱియొకడు చెమటోడ్చుట మన ప్రాంతపు కుటుంబములు ఎఱుగని సంగతి కాదు.

1812లో, దుకాణమునకు వచ్చుచుండిన డాన్సు అను పెద్దమనిషి టిక్కెట్లు ఇచ్చుటచే, మైకేలు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ యిచ్చిన నాలుగు ఉపన్యాసములను వినగలిగెను. విన్నదానిని శ్రద్ధతో వ్రాసి, పటములు గీసి, సుమారు 300 పుటల పుస్తకముగా తన చేతులతోనే కుట్టి డేవీకి పంపి, శాస్త్రసేవలో ఏదైన పని యిప్పింపుడని వేడుకొనెను. 1813 మార్చి 1వ తేదీన అతడు ఆ సంస్థలో రసాయనశాలకు సహాయకునిగా నియమింపబడెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, మేడపై రెండు గదులు, వెలుతురునకు కొవ్వొత్తులు, చలికి బొగ్గు – ఇవి అతని కిచ్చినవి. ఆ యేటి చివర డేవీ దంపతులతో ఐరోపా ఖండయాత్రకు వెడలి 1815లో తిరిగివచ్చెను. ఆ ప్రయాణమున డేవీ భార్య అతనిని సేవకునివలె చూచెను. అతడు ఆ యవమానమును సహించి, గొప్ప శాస్త్రజ్ఞులను చూచి నేర్చుకొనదగినది నేర్చుకొనెను.

ఇనుప కడియము

1820లో డెన్మార్కు దేశస్థుడగు అయర్‌స్టెడు, విద్యుత్తు పారు తీగచెంత దిక్సూచి ముల్లు కదలుటను కనుగొనెను. తీగలో విద్యుత్తు పారినచో దాని చుట్టును అయస్కాంతశక్తి పుట్టునని దీనివలన తేలెను. మరుసటి యేట ఫారడే, పాదరసము పోసిన గిన్నెలో అయస్కాంతమును నిలిపి, దానిచుట్టు విద్యుత్తు పారు తీగ తిరుగునట్లు చేసెను. మన యింటి పంకా, మిక్సీ, నీళ్ల మోటారు – వీనియన్నిటికి బీజము ఆ గిన్నెలో నున్నది. ఆ యేడే జూను 12వ తేదీన తన సంఘమునకే చెందిన సారా బర్నార్డును వివాహమాడెను. మరుసటి నెలలో సంఘము ముందర తన విశ్వాసమును ఒప్పుకొని సభ్యుడయ్యెను. వారికి సంతానము కలుగలేదు. కాని పరుల బిడ్డలయందు వారికి గల ప్రేమ అపారము.

విద్యుత్తు అయస్కాంతశక్తిని పుట్టించునేని, అయస్కాంతము విద్యుత్తును పుట్టింపదా యను ప్రశ్న ఫారడేను విడువలేదు. 1825లో ప్రయత్నించెను, ఫలితము లేదు. ఫలితము లేదనియే తన పుస్తకమున వ్రాసికొనెను. మరల ప్రయత్నించెను, మరల విఫలుడయ్యెను. 1831 ఆగస్టు 29వ తేదీన, సుమారు ఆరంగుళముల వెడల్పుగల మెత్తని యినుప కడియమును చేయించి, దాని యొక ప్రక్క ఒక తీగచుట్టను, రెండవ ప్రక్క మఱియొక తీగచుట్టను చుట్టెను. ఈ రెండు చుట్టలకు పరస్పరము సంబంధము లేదు. మొదటి చుట్టను బ్యాటరీకి కలిపినంతనే, రెండవ చుట్టచెంత నున్న ముల్లు కదలి, వెంటనే తన స్థానమునకు వచ్చెను. బ్యాటరీని విడదీసినప్పుడు మరల కదలెను. విద్యుత్తు నిలకడగా పారునంతసేపు చలనము లేదు. మార్పు కలిగినప్పుడే రెండవ తీగలో విద్యుత్తు పుట్టుచున్నదని ఆయన గ్రహించెను. కొలది వారములలోనే, తీగచుట్టలోనికి అయస్కాంతమును చొప్పించి తీయుటచేతను, అయస్కాంతపు కొనల నడుమ రాగిచక్రమును త్రిప్పుటచేతను విద్యుత్తును పుట్టించెను. నేటి విద్యుత్కేంద్రములలోని పెద్దయంత్రములు పనిచేయునది ఈ సూత్రముననే.

మెయిను పెట్టెలోని ముగ్గురు కావలివాండ్రు

ఫారడే కాలమున ఇండ్లకు విద్యుత్తు లేదు. అది వచ్చినవెంట అపాయములును వచ్చినవి. 1890లో అమెరికా దేశమున ఎడిసను ఫ్యూజునకు పేటెంటు పొందెను. మీట తనంతట తాను పడు చిన్న బ్రేకరునకు 1924లో జర్మనీ దేశమందలి మన్‌హైము నగరమున హ్యూగో స్టోట్జు సంస్థ పేటెంటు తీసికొనెను. 1961లో కాలిఫోర్నియాలో చార్లెసు డాల్‌జీలు అను ఆచార్యుడు, మనిషి శరీరము ఎంత విద్యుత్తును తాళగలదో పరిశోధించినవాడు, నేలకు జారు విద్యుత్తును పసిగట్టి ఆపు సాధనమును రూపొందించెను. ఇప్పుడు మన పెట్టెలో నున్నవి ఇట్టి కావలివాండ్రే.

విద్యుత్తును మన డెల్టావాసులకు కాలువ పోలికతో చెప్పవచ్చును. నీటిని త్రోయు ఎత్తు వంటిది వోల్టు. పారు నీటి పరిమాణము వంటిది ఆంపియరు. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. పరికరముపై వ్రాసియున్న వాట్లను 230చే భాగించిన, అది తీసికొను ఆంపియర్లు దాదాపుగా తెలియును. 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు తీసికొనును. కాలువ గట్టు భరింపగలిగినంతకు మించి నీరు వదలినచో గట్టు తెగును. తీగ భరింపగలిగినంతకు మించి విద్యుత్తు పారినచో అది వేడెక్కి, పైతొడుగు కరగి, నిప్పంటుకొనును.

మొదటి కావలివాడు రెండు వేర్వేరు లోహములను అతికించిన పట్టీ. బరువు మితిమీరినప్పుడు అది మెల్లగా వేడెక్కి వంగి మీటను విడిపించును. ఒక యింట 32 ఆంపియర్ల మెయిను కలదనుకొందము. 1800 వాట్ల ఏ.సి.లు రెండు, 2000 వాట్ల గీజరు, 1100 వాట్ల నీళ్ల మోటారు, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, 750 వాట్ల గ్రైండరు ఒకేసారి నడచినచో మొత్తము 8450 వాట్లు. అనగా సుమారు 37 ఆంపియర్లు. కొంతసేపు గడచిన పిదప ఆ మీట పడుటలో ఆశ్చర్యమేమి?

రెండవ కావలివాడు చిన్న తీగచుట్ట. ఫేజు తీగయు న్యూట్రలు తీగయు ఒకదానినొకటి తాకి షార్టు అయినప్పుడు విద్యుత్తు ఒక్కమారుగా వరదవలె పారును. అప్పుడా తీగచుట్ట బలమైన అయస్కాంతమై, రెప్పపాటులో మీటను లాగివేయును. ఈ యిద్దరును ఎమ్.సి.బి. అను బ్రేకరులో నుందురు.

మూడవ కావలివాడు ఆర్.సి.సి.బి. అనునది. దానిపై పరీక్షకొఱకు ఒక చిన్న మీటబొత్తాము ఉండును. దానిని చూచి గుర్తింపవచ్చును. దీని లోపల ఫారడే కడియము వంటి చిన్న కడియము కలదు. ఫేజు, న్యూట్రలు తీగలు రెండును దాని గుండ పోవును. వెళ్లినంత విద్యుత్తు తిరిగివచ్చినచో, రెంటి అయస్కాంతశక్తులు ఒకదానినొకటి రద్దుచేసికొనును. తడిసిన గోడ గుండనో, పాడైన గీజరు గుండనో, మనిషి శరీరము గుండనో కొంత నేలకు జారిపోయినచో ఆ తూకము తప్పును. వెంటనే కడియమునకు చుట్టియున్న వేఱొక తీగలో విద్యుత్తు పుట్టి మీటను విడిపించును. మార్పు కలిగినప్పుడే రెండవ తీగలో విద్యుత్తు పుట్టునని ఫారడే కనుగొనెనని పైన చెప్పితిమి. మన యింటి విద్యుత్తు సెకనుకు 50 పర్యాయములు అటునిటు మారుచుండును గనుక, ఈ కడియము రేయింబవళ్లు మెలకువతో నుండును. ఇండ్లలో మనుష్యరక్షణకై పెట్టు ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆంపియరులో వెయ్యింట ముప్పది భాగములు జారినంతనే పడునట్లు చేయబడును. ఎమ్.సి.బి. తీగను కాపాడును, ఇది ప్రాణమును కాపాడును.

మన సీమలో ఈ మూడవవానికి పని యెక్కువ. బాపట్ల సముద్రమునకు చేరువ. ఉప్పుగాలి ఇనుమును, తీగల చివరలను తినివేయును. రేపల్లె కృష్ణానది తుదిభాగమున నున్నది. తెనాలి కాలువల నడుమ నున్న ఊరు. వానకాలమున గోడలు చెమర్చును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగు తుపాను బాపట్లకు సమీపముననే తీరము దాటెను. ఇట్టి తుపానుల పిదప తడిసిన స్విచ్చి బోర్డులు ఆరకమునుపే మీటను బలవంతముగా పైకెత్తి పట్టుకొనుట ప్రాణముతో చెలగాటము.

వ్రాసికొనుట, విచారించుట

కారణమును వెదకు విధానమును కూడ ఫారడే జీవితమే మనకు నేర్పును. 1840 ప్రాంతమున, అధికశ్రమచే ఆయన ఆరోగ్యము చెడి, జ్ఞాపకశక్తి సన్నగిల్లెను. కొంతకాలము పరిశోధన మానుకొనవలసి వచ్చెను. 1842లో ఫాదరు హయ్యరు గుంటూరు చేరి మన ప్రాంతమున లూథరను మిషను పనిని ఆరంభించిన నాటికి ఫారడే అట్టి బలహీనతతోనే యుండెను. జ్ఞాపకముపై ఆధారపడలేనివాడు కాగితముపై ఆధారపడెను. జరిగినదియు, జరుగనిదియు, అనుకొన్నదియు అన్నిటిని అంకెలు వేసి వ్రాసికొనెను. తుదకు ఆయన ప్రయోగముల దినచర్యలో 16,000కు పైగా పేరాలు చేరినవి.

1844 సెప్టెంబరు 28వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమందలి హాస్వెల్ బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 95 మంది పురుషులును బాలురును మరణించిరి. ప్రభుత్వము ఫారడేను, భూగర్భశాస్త్రజ్ఞుడగు లైలును విచారణకు పంపెను. ఫారడే బల్లముందు కూర్చుండి తీర్పు చెప్పక, తానే గనిలోనికి దిగెను. గాలి యెంత వేగముగా వీచుచున్నదో యెట్లు కొలుతురని అక్కడి అధికారిని అడిగెను. అతడు చిటికెడు తుపాకిమందును కొవ్వొత్తి మంటపై రాల్చి, ఆ పొగ పోవు వేగమును చూపెను. మందును ఎక్కడ దాచుదురని ఫారడే అడుగగా, సంచిలో నుంతుమనిరి. ఆ సంచి యెక్కడనగా, ఆయన ఆసనముగా కూర్చున్నది దానిపైననే యని తేలెను! నిత్యము చూచు అపాయము కంటికి అపాయముగా కనబడదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. గనిలోని వాయువుతో పాటు బొగ్గుధూళియు ఆ ప్రేలుడును పెంచినదని వారిరువురును తమ నివేదికలో తెలిపి, గాలి మార్పునకు ఉపాయమును సూచించిరి. ఖర్చు హెచ్చని గనుల యజమానులు దానిని పెడచెవిని పెట్టిరి. ధూళి వలని అపాయమును లోకము పూర్తిగా అంగీకరించుటకు మఱి పెక్కు సంవత్సరములు పట్టెను. ఆ మధ్యకాలమున మఱి యెన్నియో కుటుంబములు దుఃఖపడినవి.

మన యింట ఆచరింపదగిన క్రమము

మీట మాటిమాటికి పడుచున్నప్పుడు, ఫారడే మార్గముననే నడువవచ్చును. ఈ పని పెద్దలదే. విద్యార్థులు పెద్దల ప్రక్కన నిలిచి వ్రాసికొనవచ్చును గాని పెట్టెను ముట్టరాదు. చేతులు తడిగా నుండరాదు. కాళ్లకు పొడిచెప్పులు ఉండవలెను. నేల పొడిగా నుండవలెను. పెట్టె మూతను విప్పరాదు. కాలిన వాసనగాని, నలుపుగాని, చిటపట శబ్దముగాని యున్నచో ఏమియు చేయక పనితెలిసినవానిని పిలువవలెను.

మొదట చూచి వ్రాసికొనవలెను. పడినది ఎమ్.సి.బి.యా, ఆర్.సి.సి.బి.యా? ఎత్తినవెంటనే పడినదా, పావుగంటకు పడినదా? అప్పుడు ఏయే పరికరములు నడచుచుండెను? వాన కురిసినదా? వెంటనే పడు ఎమ్.సి.బి. చాలవరకు షార్టును, కొంతసేపటికి పడునది అధికభారమును సూచించును. ఆర్.సి.సి.బి. పడినచో విద్యుత్తు నేలకు జారుచున్నదని భావింపవలెను.

తరువాత విడదీయవలెను. ప్లగ్గులన్నిటిని ఊడదీసి, గదుల బ్రేకరులన్నిటిని దింపి, మెయినును ఒక్కసారి యెత్తి చూడవలెను. అన్నియు దించియున్నను మెయిను నిలువనిచో, దోషము మెయినులోనో, దానినుండి వచ్చు తీగలలోనో యుండవచ్చును. ఇచట నొక సూక్ష్మము కలదు. గదుల బ్రేకరులు సామాన్యముగా ఫేజు తీగను మాత్రమే త్రుంచును. న్యూట్రలు కలిసియే యుండును. ఏదో యొక గదిలో న్యూట్రలు ఎర్తునకు తాకియున్నచో, బ్రేకరులన్నియు దించియున్నను ఆర్.సి.సి.బి. పడవచ్చును. అట్లయినచో వెదకుట లైసెన్సుగల ఎలక్ట్రీషియను పని.

మెయిను నిలిచినచో, గదుల బ్రేకరులను ఒక్కొక్కటిగా ఎత్తవలెను. దేనిని ఎత్తినప్పుడు మెయిను పడునో, దోషము ఆ గదిలో నున్నది. దానిని దించియుంచి తక్కినవి వాడుకొనవచ్చును. అన్ని బ్రేకరులును నిలిచినచో, పరికరములను ఒక్కొక్కటిగా తగిలింపవలెను. గీజరు, నీళ్ల మోటారు, వాషింగు మెషిను, పాత ఫ్రిజ్జు, మేడమీద వానకు తడియు దీపము – వీనిపై ముందుగా అనుమానపడవచ్చును. ఒక్కసారి రెండింటిని తగిలించినచో ఏది దోషియో తెలియదు. ఒక్కొక్క పరికరమునుండి కొద్దికొద్దిగా జారు విద్యుత్తు కలిసి 30 మిల్లీ ఆంపియర్లకు చేరువైనను మీట పడును. అప్పుడు ఏ ఒక్కటియు దోషిగా కనబడదు. వ్రాసికొనిన కాగితమే దారి చూపును. ఒక్కొక్కప్పుడు బ్రేకరు మరలు వదులై, అచ్చట వేడి పుట్టి మీట పడుటయు, బ్రేకరు పాతదై బలహీనమగుటయు కలదు. ఇది తేల్చువాడు పనివాడే.

మీటను మాటిమాటికి ఎత్తుట, తీగ మారకుండ పెద్ద బ్రేకరును పెట్టుట, ఆర్.సి.సి.బి.ని దాటించి తీగను కలుపుట – ఈ మూడును హాస్వెల్ యజమానుల పద్ధతికి చెందినవి. హెచ్చరించు నోటిని మూయుటచే అపాయము తొలగదు. ఆర్.సి.సి.బి.పై నున్న పరీక్షబొత్తామును అప్పుడప్పుడు నొక్కి చూడవలెను. నొక్కినను పడని మీట, మొఱుగని కాపుకుక్క వంటిది. దానిని వెంటనే మార్పింపవలెను. ఎర్తు గుంటయును మంచిస్థితిలో నుండునట్లు చూచుకొనవలెను.

విశ్వాసము, వినయము

ఫారడే గొప్పవాడైన కొలది మఱింత సామాన్యుడయ్యెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని ఇచ్చెదమన్నను స్వీకరింపలేదు. ధనవంతులు కోరిన పనులు చేసి సంపన్నుడగుటకు అవకాశమున్నను, తన కాలమును పరిశోధనకును ప్రజోపయోగమునకును వినియోగించెను. 1836 మొదలు సముద్రపు దీపస్తంభముల సంస్థకు సలహాదారుగా నుండి, నావికుల ప్రాణరక్షణకు పాటుపడెను. 1858లో సౌతు ఫోర్లండు దీపస్తంభమున యంత్రముచే పుట్టిన విద్యుద్దీపమును పరీక్షించినప్పుడు దానిని పరిశీలించినవాడు ఆయనయే. తాను 1831లో చూచిన ముల్లు కదలిక, ఇరువదియేడేండ్లకు ఓడలకు వెలుగైనది. బెజవాడయొద్ద కృష్ణకు తొలి ఆనకట్ట పూర్తియైన 1855లో, ఆయన థేమ్సునది మురికిని స్వయముగా పరీక్షించి, పత్రికాముఖమున లండను వాసులను హెచ్చరించెను. పిల్లలకొఱకు క్రిస్మసు సెలవులలో 19 సంవత్సరములు ఉపన్యాసము లిచ్చెను. ఒక్క కొవ్వొత్తి కాలుటలో ఎంత శాస్త్రమున్నదో ఆయన చెప్పిన ఉపన్యాసములు 1861లో పుస్తకముగా వెలువడి నేటికిని చదువబడుచున్నవి.

1840లో ఆయన తన సంఘమునకు పెద్దగా ఎన్నుకొనబడెను. 1844లో కొన్ని వారములు సంఘమునుండి తొలగింపబడుటయు, పిమ్మట మరల చేర్చుకొనబడుటయు జరిగెను. లోకమంతయు పొగడుచున్నవానికి ఆ చిన్న సంఘము ముందు తలవంచుట సులభము కాదు. అయినను ఆయన సంఘమును విడువలేదు. 1860లో మరల పెద్దగా నియమింపబడెను. ప్రకృతిని నిర్మించినవాడును, వాక్యము ననుగ్రహించినవాడును ఒక్కడేయని ఆయన నమ్మెను. కావుననే ప్రకృతి యిచ్చు జవాబును తన యిష్టానుసారము మార్చుకొనుట ఆయనకు అబద్ధమాడుటతో సమానము.

1858 మొదలు రాణి విక్టోరియా ఇచ్చిన హాంప్టను కోర్టు గృహమున నివసించి, 1867 ఆగస్టు 25వ తేదీన తన కుర్చీలో కూర్చుండియే ప్రశాంతముగా ప్రభువునందు నిద్రించెను. రాజుల సమాధులున్న వెస్టుమినిస్టరులో గాక, హైగేటు శ్మశానవాటికలో, ఆడంబరము లేని రాతిక్రింద ఆయన దేహము ఉంచబడినది.

కమ్మరి కుమారుడు, బడి చదువు లేనివాడు, మఱపుతో బాధపడినవాడు ఇంతటి మేలు చేయగలిగెను. మన విద్యార్థులలో ఇంటి బీదరికమునకు క్రుంగుచున్నవారు ఆయనను తలచుకొని ధైర్యము తెచ్చుకొందురు గాక. తలిదండ్రులకు మా విన్నపము వేఱొకటి. మీ యింటి మీట పడిన రాత్రి దానిపై కోపగింపక, అది యేమి చెప్పుచున్నదో నిదానముగా విచారింపుడు. ఆ చీకటి కొంతసేపే. దానిని లెక్కచేయక లావుతీగ చుట్టిన యింట కలుగు నష్టము మరల పూడ్చుకొనరానిది. దేవుడు మన గృహములను, వానిలోని పసిబిడ్డలను కాపాడును గాక. ఆయన మనకిచ్చిన తెలివిని వాడుకొను శ్రద్ధయు మనకు కలుగజేయును గాక.